కర్మలు ముగిసిన తరువాత

మరణము సంభవించిన ఇంటికి బంధువులు వత్తురు. కర్మలు ముగియువరకు ఉందురు. అటుపిమ్మట ఆ యింటి ఇల్లాలు ఒంటరిగా మిగులును. ఆమెకు భర్త పోయిన దుఃఖ మొకటి, బ్రదుకు తెరువేమన్న భయ మొకటి. మొదటిదానిని కాలము కొంత తగ్గించవచ్చును. రెండవదానిని మనుష్యులే తీర్చవలయును. ఈ సంగతిని తెలిసికొని, ఆచరణలో పెట్టినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అగ్రగణ్యురాలు.

ఆమె 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించెను. ఎనిమిదవ యేటనే వివాహము జరిగెను. ఆనాడు ఏలూరు, తాడేపల్లిగూడెము సీమలలో గాని, కొల్లేటి లంకలలో గాని, గోదావరి ఆవలి గట్టున గాని బాల్యవివాహము వింత కాదు. దాని వెంట వచ్చు బాలవైధవ్యమును వింత కాదు. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట దుర్గాబాయి ఆ కాపురమునకు సమ్మతింపలేదు. భర్త సుబ్బారావు మరియొకరిని పెండ్లాడుటకు అడ్డు చెప్పలేదు. తండ్రి రామారావు చిన్నవయస్సుననే కన్నుమూయగా సంసారభారము తల్లి కృష్ణవేణమ్మపై పడెను. భర్తను కోల్పోయిన స్త్రీ కష్టము ఎట్టిదో దుర్గాబాయి తన యింటనే చూచెను.

1941లో సుబ్బారావు మరణించెను. ఆయన రెండవ భార్య దిక్కులేని దయ్యెను. ఆదుకొనవలసిన బంధువులే ఆమెను వేధింపసాగిరి. లోకము దృష్టిలో ఆమె దుర్గాబాయికి సవతి వరుస. దుర్గాబాయి ఆ వరుసను లెక్కింపక, ఆమెను తన యొద్దకు పిలిపించుకొనెను. శిక్షణ ఇప్పించి, హైదరాబాదులో చేతిపనులు నేర్పు ఉపాధ్యాయినిగా ఉద్యోగము దొరకునట్లు చేసెను. దానితో ఆమెకు ఒకరి చేతి కిందకు పోనక్కరలేని జీవనాధార మేర్పడెను.

ఒక్కరికి చేసిన మేలు పదిమందికి అందవలెనన్నచో సంస్థ కావలయును. 1937లో మదరాసున ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ అట్టిదే. ఆలస్యముగా చదువుటలోని కష్టము ఆమె ఎరుగును; ఉప్పు సత్యాగ్రహమున జైలుకు పోయి వచ్చిన పిమ్మటనే ఉన్నతవిద్య నభ్యసించి, 1942లో న్యాయశాస్త్ర పట్టము పొందెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యెను. ఆ యేటనే ఆమెను వివాహమాడిన చింతామన్ దేశ్‌ముఖ్ గారును 1949లో భార్యను పోగొట్టుకొన్నవారే. 1958లో మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించెను. చదువు నడుమ ఆగిన స్త్రీలు, అందు వితంతువులును, భర్తలు విడిచినవారును, రెండేండ్లలో పరీక్షకు సిద్ధమై, అటుపై ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా శిక్షణ పొందుటకు దారి యేర్పడెను.

1981 మే 9న దుర్గాబాయి దివంగతురాలయ్యెను. పరామర్శకు పోవువారు ఆమె జీవితమునుండి నేర్వదగిన దొకటి కలదు. ఏడ్చుచున్నవారితో కూర్చుండి ఏడ్చుట మంచిదే. కాని నెల గడచిన పిమ్మట మరల ఒకసారి ఆ గడప తొక్కి, ఇల్లు ఎట్లు గడచుచున్నది, పిల్లల చదువేమైనది అని విచారించి, చేతనైన సాయము చేయుట అంతకంటె అవసరము.