ఆల్తియెరో స్పినెల్లి

కారాగారమున బుట్టిన సంకల్పము రాజ్యాధినేతల యుదాసీనతను సైతము జయింపగలదనుటకు ఇటలీ దేశీయుడగు స్పినెల్లి జీవితము నిదర్శనము.

ఆయన 1907-వ సంవత్సరమున రోము నగరమున జన్మించెను. పదునేడవయేటనే కమ్యూనిస్టు పక్షమున జేరెను. 1927-లో ముస్సోలినీ ప్రభుత్వ మాయనను నిర్బంధించి, పదునారేండ్ల శిక్ష విధించెను. పదియేండ్లు చెరసాలలందును, పిదప పోంజా, వెంతొతెనే ద్వీపములందును కాలము గడచెను. స్టాలిను మార్గమును నిరసించినందున 1937-లో స్వపక్షమువారే యాయనను వెలివేసిరి.

హిట్లరు సేనలు ఐరోపాలో నధికభాగము నాక్రమించియున్న 1941-లో, ఆ ద్వీపముననే ఎర్నెస్తో రోసీతో గూడి యొక ప్రణాళిక రచించెను. జాతీయత యొకప్పుడు విమోచనకారిణియే. కాని తనపై వేఱొక శాసనము లేదను రాజ్యాధికారము యుద్ధహేతువగును. కావున ఐరోపా సంయుక్తరాజ్యము గావలెనని దాని సారము. 1943-లో విముక్తుడై యీ యుద్యమమునే చేపట్టెను. 1954-లో ఫ్రెంచి శాసనసభ ఉమ్మడి రక్షణ సంధిని ద్రోసివేయుటతో నా యాశ భగ్నమయ్యెను.

పిదప సభ్యరాజ్యములలో నే యొక్కటి యడ్డుపడినను ముఖ్యకార్యములు నిలిచిపోవుచుండెను. 1979-లో ప్రజలు నేరుగా నెన్నుకొనిన ఐరోపా పార్లమెంటునందు, డెబ్బది దాటిన యీ వృద్ధుడు సభ్యుడయ్యెను. 1980-లో స్ట్రాస్‌బర్గులో మొసలి పేరుగల యొక భోజనశాలయందు కొలదిమంది మిత్రులను గూర్చుకొని పని ప్రారంభించెను. 1984 ఫిబ్రవరి 14-వ తేదీన ఐరోపా సమాఖ్య ముసాయిదా సంధి 237 వోట్లతో నెగ్గెను. ప్రతికూలురు 31 మందియే.

ప్రభుత్వములు దాని నంగీకరింపలేదు. అయినను ఉపేక్షింపనులేకపోయెను. 1985-లో మిలాను సమావేశమున, బ్రిటను, డెన్మార్కు, గ్రీసు వ్యతిరేకించినను, సంధి సవరణకు మహాసభ నేర్పరచిరి. మరుసటియేట సంతకములైన ఏకఐరోపా శాసనము, 1992 అంతమునకు ఉమ్మడి విపణిని బూర్తిచేయ నిశ్చయించి, అందులకై పెక్కు విషయములలో ఏకగ్రీవ నియమమును సడలించెను. పార్లమెంటునకు దక్కిన యధికారము మాత్రము స్వల్పము. స్పినెల్లి దానినొక విజయముగా నెంచలేదు. ఆ నిరాశతోనే 1986 మే 23-న కన్నుమూసెను.

ఆయన తీర్పు కఠినమైనదని మా యభిప్రాయము. ఆ సడలింపుచేతనే విపణి సిద్ధించెను. 1992-లో మాస్ట్రిక్టున జరిగిన సంధి ఆయన ముసాయిదాలోని పేరునే గ్రహించి ఐరోపా సమాఖ్యను నెలకొల్పెను. ఆయన కోరిన సంయుక్తరాజ్యము మాత్ర మింకను రాలేదు. రాజ్యములు తమ యడ్డుపుల్లను పూర్తిగా విడువలేదు. తన్ను బంధించిన వెంతొతెనే ద్వీపముననే స్పినెల్లి సమాధి యున్నది. విత్తినవాడు పంట జూడకపోవచ్చును; విత్తుట మాత్రము వ్యర్థము గాదు.