హకీమ్ ఇబ్నె నఫీస్

2020వ సంవత్సరంలో కోవిడ్ వ్యాధి విజృంభించినపుడు ఆంధ్రప్రదేశ్‌లో తొలి నెలలలోనే తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో మన కర్నూలు ఒకటి. ఆ ఏడాదే గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చెన్నైలో ఎక్మో అనే యంత్రంపై వారాల తరబడి మృత్యువుతో పోరాడి సెప్టెంబరు 25న కన్నుమూశారు. అంతవరకు వైద్యులకే తెలిసిన ఆ యంత్రం పేరు అప్పుడు తెలుగువారి ఇంటింటా వినిపించింది.

ఎక్మో అనగా కృత్రిమ శ్వాసకోశం. వెంటిలేటరు గాలిని ఊపిరితిత్తులలోనికి నెట్టగలదు, అంతకుమించి చేయలేదు. వైరసు తాకిడికి వాయుగోణుల గోడలు వాచి, వాటిలో ద్రవం నిండినపుడు, గాలి లోనికి చేరినా రక్తాన్ని అందుకోలేదు. అట్టి స్థితిలో రోగి సిర నుండి రక్తాన్ని గొట్టంద్వారా వెలుపలికి తెచ్చి, ఒక పలుచని పొరకు ఒకవైపు రక్తాన్నీ మరొకవైపు ప్రాణవాయువునూ ప్రవహింపజేస్తారు. బొగ్గుపులుసు వాయువును పోగొట్టుకొని, ప్రాణవాయువును గ్రహించిన ఆ రక్తాన్ని తిరిగి సిరలోనికే పంపుతారు. ఊపిరితిత్తులకు కోలుకొనే వ్యవధి లభిస్తుంది. యంత్రం రోగాన్ని నయం చేయదు, వ్యవధిని మాత్రమే ఇస్తుంది.

రక్తం ఊపిరితిత్తులకు పోయేది గాలితో కలియుటకే అన్న సత్యాన్ని, మనకు తెలిసినంతలో, మొట్టమొదట స్పష్టంగా గ్రంథస్థం చేసినవారు అలాఉద్దీన్ ఇబ్నె నఫీస్.

ఆయన 1213 ప్రాంతంలో డమాస్కస్ సమీపాన జన్మించారు. ఆ నగరంలోని నూరీ ఆసుపత్రిలో అద్‌దఖ్వార్ అనే ప్రసిద్ధ వైద్యుని వద్ద విద్య నేర్చి, తరువాత కైరో చేరి అక్కడే స్థిరపడ్డారు. వైద్యంతోపాటు షాఫిఈ ధర్మశాస్త్రం కూడా ఆయన బోధించేవారు. వ్రాత విషయంలో ఆయన వేగాన్ని గురించి ఒక ముచ్చట చెబుతారు. ఒకనాడు స్నానశాలలో ఉండగా ఏదో స్ఫురించి, మధ్యలోనే వెలుపలికి వచ్చి, కలమూ కాగితమూ తెప్పించుకొని, నాడి గురించి ఒక చిన్న గ్రంథం ముగించి, ఆపైన స్నానానికి తిరిగి వెళ్ళారట! మూడు వందల సంపుటాలుగా తలపెట్టిన వైద్య విజ్ఞాన సర్వస్వంలో ఎనభై సంపుటాలు పూర్తి చేశారు.

ఆయన కాలంలో జాలీనూస్ మాటకు తిరుగులేదు. హృదయంలోని కుడి గది నుండి ఎడమ గదికి, నడిమి గోడలో కంటికి కానరాని రంధ్రాలగుండా రక్తం ఊరుతుందని ఆ గ్రీకు వైద్యుడు చెప్పాడు. మహామేధావియైన ఇబ్నె సీనా సైతం ఆ భావాన్ని కాదనలేదు. ఇబ్నె సీనా గ్రంథంలోని శరీర నిర్మాణ భాగానికే వ్యాఖ్యానం వ్రాస్తూ, 1242 నాటికే, అనగా ముప్పై ఏళ్ళు నిండకముందే, ఇబ్నె నఫీస్ ఆ మాటను త్రోసిపుచ్చారు. ఆ గోడ దట్టమైనది, దానిలో రంధ్రాలు లేవు. రక్తం కుడి గది నుండి ఊపిరితిత్తులకు పోయి, గాలితో కలిసి, అటుపిమ్మట ఎడమ గదికి చేరుతుందని వివరించారు. గాలిలోని ప్రాణవాయువు సంగతి ఆయనకు తెలియదు. ధర్మశాస్త్రం, దయాభావం తనను శవచ్ఛేదనకు దూరంగా ఉంచాయని ఆయనే వ్రాసుకొన్నారు. దానిని అక్షరాలా నమ్మాలా అన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. కేవలం తర్కబలంతోనే అంతదూరం వచ్చి ఉంటే అది మరింత ఆశ్చర్యకరమని నాకు తోస్తుంది.

ఇక్కడ మనం విచారించవలసిన సంగతి ఒకటున్నది. ఆయన పేరిట ప్రసిద్ధమైన మూజజుల్ ఖానూన్ అనే సంగ్రహాన్ని మన దేశంలోని హకీములు తరతరాలుగా పాఠ్యగ్రంథంగా చదివారు. మన కర్నూలులోనే డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరిట యునానీ వైద్య కళాశాల ఉన్నది. కనుక ఆయన పేరు మనకు కొత్త కాదు. కాని ఆ సంగ్రహంలో శరీర నిర్మాణ భాగం లేదు. ఆయనను నిత్యం చదివినవారికే ఆయన కనుగొన్న గొప్ప సత్యం ఎదురుపడలేదు! ఐరోపాలో సెర్వేటస్ 1553లో అదే మార్గాన్ని వర్ణించాడు; హార్వే 1628లో రక్తప్రసరణ సంపూర్ణ సిద్ధాంతాన్ని ప్రకటించాడు. ఇబ్నె నఫీస్ వ్యాఖ్యానం మాత్రం వ్రాతప్రతులలోనే ఉండిపోయింది. 1924లో ముహియుద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడు బెర్లిన్ గ్రంథాలయంలోని ఒక ప్రతిని పరిశీలించి, తన జర్మనీ పరిశోధనా వ్యాసంలో ఆ సంగతిని వెల్లడించాడు. అప్పటికి దాదాపు ఏడు శతాబ్దాలు గడిచాయి.

1288 డిసెంబరులో ఆయన అవసానదశకు చేరినపుడు, తోటి వైద్యులు ఔషధంగా కొంత మద్యం పుచ్చుకోమన్నారు. దేహంలో మద్యంతో అల్లాహ్ సన్నిధికి పోజాలనని ఆయన నిరాకరించారు. తన ఇంటినీ, గ్రంథాలన్నిటినీ కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో నిర్మించిన మన్సూరీ ఆసుపత్రికి వ్రాసి ఇచ్చారు.