కాల్షియం వెలుగును చదివిన వైను బప్పు

మాది ఏళాయిరంపన్నై. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చుట్టూ టపాసుల పని. మతాబు పచ్చగా వెలిగితే అందులో బేరియం ఉందని, ఎర్రగా వెలిగితే స్ట్రాన్షియం ఉందని మా నాయన చెప్పేవాడు. రంగును చూసి లోపలి మందును కనిపెట్టడం మా ఊరికి కొత్త కాదు. నక్షత్రాలను కూడా అలాగే చదివిన ఒక మనిషి గురించి ఈసారి రాస్తున్నాను.

వైను బప్పు 1927లో మద్రాసులో పుట్టారు. తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసేవారు. కాబట్టి చిన్నప్పటి నుంచే ఆయనకు టెలిస్కోపులతో చెలిమి. నిజాం కాలేజీలో చదువు ముగించి హార్వర్డుకు వెళ్ళారు. 1949లో అక్కడ ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టారు. దాని పేరులో మరో ఇద్దరితో పాటు ఆయన పేరూ ఉంది.

తర్వాత కాలిఫోర్నియాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి నక్షత్రాల కాల్షియం ఊదా గీతను పరిశీలించారు. ఆ వెలుగు గీత ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం అసలు కాంతి అంత ఎక్కువని 1957లో చూపించారు. అసలు కాంతి తెలిస్తే దూరం లెక్కకట్టొచ్చు. దీన్నే విల్సన్-బప్పు ఫలితం అంటారు.

వెడల్పు చెప్పేది అది. అదే గీత ఎంత ప్రకాశంగా ఉందన్నది నక్షత్రపు అయస్కాంత హడావుడిని చెబుతుంది. హెచ్‌డి 179949 అనే నక్షత్రాన్ని ఒక పెద్ద గ్రహం మూడు రోజులకోసారి చుట్టివస్తుంది. ఆ గ్రహం తిరిగే లయలోనే నక్షత్రపు కాల్షియం వెలుగు పెరిగి తగ్గుతోందని 2003లో ప్రకటించారు. కొన్నేళ్ళు ఆ లయ కనబడింది, కొన్నేళ్ళు కనబడలేదు. అందుకే చర్చ ఇంకా తెగలేదు.

బప్పు మాత్రం విదేశంలో ఉండిపోలేదు. 1960లో కొడైకెనాల్ వేధశాల బాధ్యత తీసుకున్నారు. జవ్వాది కొండల్లో కావలూరు వేధశాలను మొదలుపెట్టారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులయ్యారు. కావలూరులో 2.34 మీటర్ల టెలిస్కోపును మన దేశంలోనే తయారు చేయించాలని పట్టుబట్టారు. అది పూర్తికాక ముందే, 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 55 ఏళ్ళే. 1986లో ఆ టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు.

ఇది చదివినప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. అగ్గిపెట్టెలు అంటించిన కూలి డబ్బులు నా చదువుకని దాచిపెట్టింది. నేను ఈ కాలేజీ గడప తొక్కింది ఆ డబ్బుతోనే. అది చూడ్డానికి ఆమె లేదు.