నట్టింట సముద్రాన్ని నిలిపిన ఇల్లాలు

పగడం అనగానే మనకేం గుర్తొస్తుంది? అమ్మమ్మ మెడలోని పగడాల దండ. లేదంటే కుజదోషం పోవాలని ఎవరో చెబితే చేయించుకున్న ఉంగరం. నవరత్నాల్లో చేర్చేశాం కాబట్టి అదీ కెంపులా, పచ్చలా ఓ రాయేనని అనుకుంటాం. నిజానికి పగడం ఓ చిన్ని ప్రాణి కట్టుకున్న ఇల్లు. ఆ ప్రాణికి నోరుంది, ఆకలుంది, నోటి చుట్టూ పూరేకుల్లాంటి సన్నటి వేళ్లున్నాయి. కాళ్లు మాత్రం లేవు. ఉన్నచోటే ఉండి, నీళ్లు మోసుకొచ్చింది పట్టుకుని తింటుంది.

అలాంటి ప్రాణిని ఒడ్డు నుంచి తీసుకొచ్చి, సముద్రానికి దూరంగా లండన్ నడిబొడ్డున తన ఇంట్లో పెంచింది ఓ గృహిణి. అదీ 1846లో! కరెంటు లేదు, మోటారు లేదు, నీళ్లలోకి గాలి బుడగలు వదిలే పంపు లేదు. అసలు అక్వేరియం అన్న మాటే ఇంకా వాడుకలోకి రాలేదు. ఆమె పేరు అన్నా థిన్. ఇంట్లో సముద్రాన్ని పెంచే అలవాటు ఎలా మొదలైందో చెప్పేవాళ్లు ఈనాటికీ ఆమె దగ్గర ఆగకుండా ముందుకు పోలేరు.

అన్నా 1806లో పుట్టింది. పుట్టింటి పేరు బెరెస్‌ఫర్డ్. తండ్రి మతాధికారి. 1824లో లార్డ్ జాన్ థిన్‌తో పెళ్లయింది. అప్పటికామెకు ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు. భర్త కూడా చర్చి ఉద్యోగంలోనే ఉండేవాడు. ఇంగ్లండు రాజులకు పట్టాభిషేకాలు జరిగే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన సబ్ డీన్. ఆ పక్కనే ఉన్న ఆష్‌బర్న్‌హామ్ హౌస్‌లో వాళ్ల కాపురం. ఇంటి నిండా పిల్లలు, నౌకర్లు, వచ్చేపోయే పెద్దమనుషులు. అంత సందడిలోనూ ఆమెకు రాళ్లన్నా, శిలాజాలన్నా ఇష్టం. ఆ కాలంలో చదువుకున్న ఇంగ్లీషు ఆడవాళ్లలో చాలామందికి ఈ సరదా ఉండేది. కాలేజీ మెట్లెక్కనివ్వకపోయినా, ఒడ్డున గవ్వలేరుకుంటే అడ్డు చెప్పేవాళ్లుండరు కదా!

సూదీ దారంతో పగడానికి కుట్టు

1846 శరదృతువులో ఆమె డెవాన్ తీరంలోని టోర్కీ అనే ఊరికి వెళ్లింది. అక్కడ రాళ్ల సందుల్లో బతికున్న పగడాలు కనిపించాయి. అక్కడి వాళ్లు వాటిని మాడ్రిపోర్లు అనేవారు. అంతవరకూ ఆమెకు తెలిసిన పగడం శిలాజమే. ఇప్పుడదే రాయి కళ్లముందు విచ్చుకుని, ముడుచుకుని, మళ్లీ విచ్చుకుంటోంది.

వాటిని ఇంటికి తీసుకెళ్లాలనిపించింది. కానీ ఎలా? కుదుపులకు ఒకదానికొకటి కొట్టుకున్నా, జాడీ అంచుకు తగిలినా వాటి మెత్తటి ఒళ్లు నలిగిపోతుంది. అప్పుడామెకు చేతికందిన ఉపాయం మనలో ఎవరికైనా తట్టేదే. సూదీ దారం తీసుకుని పగడాల్ని ఓ స్పాంజికి కదలకుండా కుట్టేసింది. ఆ స్పాంజిని సముద్రపు నీళ్లున్న జాడీలో పెట్టుకుని లండన్ చేరింది. తర్వాత వాటిని గాజు పాత్రల్లోకి మార్చింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది.

కిటికీ ముందు నీళ్ల ధార

సముద్రంలో అల విరిగినప్పుడల్లా నీళ్లలోకి గాలి కలుస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజనే అందులోని ప్రాణుల ఊపిరి. పాత్రలోని నీళ్లకు అల ఏది? ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది, మలినాలు పేరుకుంటాయి, నీళ్లు వాసనేస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లయితే పాత నీళ్లు పారబోసి కొత్తవి తెచ్చుకుంటారు. ఆమెకు ముందు, 1832లోనే ఇటలీలోని మెస్సీనా రేవులో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ గాజు తొట్లు చేయించి సముద్రజీవుల్ని పరిశీలించింది. ఆమెకు సముద్రం గుమ్మం ముందే ఉంది. లండన్‌లో అన్నాకు ఆ వీలు లేదు. తెచ్చుకున్న నీళ్లనే మళ్లీ మళ్లీ వాడుకోవాలి.

అందుకని ఆమె అలను చేత్తో తయారు చేసింది. తెరిచిన కిటికీ ముందు నిలబడి, నీళ్లను ఓ పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ధారగా పోయడం, మళ్లీ వెనక్కి పోయడం. మనం వేడి పాలను రెండు గ్లాసుల మధ్య తిరగబోసి చల్లార్చినట్టే. కాకపోతే ఒకటి రెండుసార్లు కాదు, ఆ నీళ్లు మళ్లీ వాడే ముందల్లా అరగంట నుంచి ముప్పావుగంట సేపు! ధార గాలిలోంచి పడేటప్పుడు ఆక్సిజన్ కలుస్తుంది. నీళ్లకు మళ్లీ జీవం వస్తుంది.

చెయ్యి పడిపోయే పని. అందులో ఎక్కువ భాగం మోసింది ఆ ఇంటి చిన్న పనిపిల్ల. ఆ అమ్మాయి తన మాట కాదనలేకే కాదు, సరదాగా కూడా ఆ పని చేసేదని అన్నా తర్వాత రాసింది. పేరు మాత్రం రాయలేదు. ఈ కథలో నాకు ముల్లులా గుచ్చుకునేది అదే. ప్రపంచంలో మొట్టమొదటి ఇంటి పగడాల తొట్టిని బతికించిన చేతుల్లో రెండు ఎవరివో మనకు తెలియదు.

మరుసటి ఏడాది, 1847 వసంతంలో, అన్నాకు ఇంకో దారి దొరికింది. సముద్రపు నాచు అంటుకుని ఉన్న రాళ్లు తెప్పించి పగడాలున్న నీళ్లలో వేసింది. వెలుతురు తగిలితే నాచు ఆక్సిజన్ వదులుతుంది. ప్రాణులు వదిలిన బొగ్గుపులుసు వాయువును తను తీసుకుంటుంది. ఒకరి ఎంగిలి ఇంకొకరికి భోజనమన్నమాట. మొక్కా, ప్రాణీ జతపడ్డాక తొట్టి తనను తానే చాలావరకు చూసుకోవడం మొదలెట్టింది. ఇప్పుడు పుస్తకాల్లో దీన్నే సమతుల్యత అంటున్నారు.

పగడాలు బతకడమే కాదు, పిల్లలు కూడా పెట్టాయి. అన్నా ఓపిగ్గా కనిపెట్టి చూసింది. ఎలా విడిపోతున్నాయి, పిల్లలు ఎక్కడ అంటుకుంటున్నాయి, ఎలా ఎదుగుతున్నాయి అన్నీ రాసిపెట్టుకుంది. రాసి బీరువాలో దాచుకుంది. అచ్చుకివ్వలేదు.

పేరెవరికొచ్చింది?

ఆమె రాతలు బీరువాలో ఉండగానే బయట లోకం కదిలింది. 1845లో ఇంగ్లండులో గాజు మీద పన్ను ఎత్తేశారు. గాజు చవకైంది. 1853లో లండన్ రీజెంట్స్ పార్క్ జంతుప్రదర్శనశాలలో జలచరాల కోసం ఫిష్ హౌస్ తెరిచారు. జనం విరగబడ్డారు. ఆ మరుసటేడు ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం రాశాడు. ఆ మాట ఇంటింటికీ పాకింది. డబ్బున్నవాళ్ల హాళ్లన్నిట్లో సముద్రపు తొట్లు వెలిశాయి. పేరంతా గాస్‌దే అయ్యింది.

గాస్‌ను తప్పుపట్టడానికి లేదు. 1859లో అన్నా పగడాల పరిశీలన ఓ శాస్త్ర పత్రికలో వెలువడినప్పుడు దానికి వివరణలు జతచేసింది ఆయనే. వ్యాసం ఆమె పేరుతోనే వచ్చింది. కానీ అప్పటికే పదమూడేళ్లు గడిచిపోయాయి. ఆ మోజు వచ్చి, వీధిన పడి, పాతబడటం కూడా మొదలైంది. ఇంకో ఏడేళ్లకు, 1866లో ఆమె కన్నుమూసింది. 2003లో రెబెకా స్టాట్ అనే రచయిత్రి ఆమె మీద ఓ పుస్తకమే రాశాక మళ్లీ నలుగురి నోటా పడింది.

ఆ మోజుకు ఇంకో ముఖం కూడా ఉంది. సుత్తీ, గంపా పట్టుకుని జనం తీరం మీద పడ్డారు. తరాల తరబడి పూలతోటల్లా ఉన్న రాతి మడుగులు కొన్నేళ్లలోనే బోసిపోయాయి. గాస్ కొడుకు ఎడ్మండ్ తన జ్ఞాపకాల్లో ఆ సంగతి బాధగా చెప్పుకున్నాడు. ఇంట్లో సముద్రం నిలబడాలని బయట సముద్రాన్ని కొల్లగొడితే ఏం లాభం?

ఇప్పుడు ఇంట్లో పగడాల తోట

ఇప్పుడు ఇళ్లలో నాలుగైదు వందల లీటర్ల పగడాల తొట్లు పెంచేవాళ్లున్నారు. అన్నా పెంచినవి చలినీళ్ల పగడాలు. ఇప్పటివాళ్లు ఎక్కువగా పెంచేది వెచ్చటి సముద్రాల్లో దిబ్బలు కట్టే రకాలు. వీటి ఒంట్లోనే సూక్ష్మమైన నాచు కాపురముంటుంది కాబట్టి గట్టి వెలుతురు కావాలి. వేడి 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. అయిదు వందల లీటర్ల నీళ్లంటేనే అర టన్ను బరువు, ముందు నేల సంగతి చూసుకోవాలి. నీళ్లు ఆవిరైతే ఉప్పు మిగిలిపోతుంది కనుక తగ్గిన మేరకు మంచినీళ్లే కలపాలి, ఉప్పునీళ్లు కాదు. తొట్టి నింపగానే ప్రాణుల్ని వేయకూడదు. మలినాలను విరిచే బాక్టీరియా స్థిరపడటానికి వారాలు పడుతుంది. ఆ తర్వాతా వంతులవారీగా నీళ్లు మారుస్తూ ఉండాలి. డబ్బుతో తొట్టి వస్తుంది కానీ ఓపిక రాదు.

ఇంకో మాట. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ 2001 నుంచీ ఉంది. లక్షదీవుల్లోనో, అండమాన్‌లోనో, మన్నార్ సింధుశాఖలోనో ముచ్చటగా ఉందని ఒక ముక్క విరిచి తెచ్చుకున్నా నేరమే. వాటిని చూసి రావాలి గానీ తెచ్చుకోకూడదు.

ఇన్ని యంత్రాలొచ్చినా, కరెంటు పోయి పంపు ఆగిపోతే పెంచేవాళ్లు ఏం చేస్తారో తెలుసా? మగ్గు తీసుకుని తొట్టిలో నీళ్లు ముంచి, పైనుంచి ధారగా పోస్తూ కూర్చుంటారు, కరెంటు వచ్చేదాకా. దాదాపు నూట ఎనభై ఏళ్ల కిందట వెస్ట్‌మినిస్టర్‌లో ఓ కిటికీ దగ్గర అన్నా థిన్, పేరు తెలియని ఆ పనిపిల్ల చేసిన పనే అది.