పరదా వెనుకకు వెళ్లిన కెమెరా: రాజా దీన్ దయాళ్

మీరట్ సమీపంలోని సర్ధనాలో 1844లో జన్మించిన లాలా దీన్ దయాళ్, ఇండోర్ ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉంటూనే ఛాయాచిత్రకళను అభ్యసించారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 'ముసవ్వర్ జంగ్' బిరుదు పొందారు.

ఆయన వాడినది ఫిల్మ్ కాదు, వెండి లవణాల పూత పూసిన గాజు పలక. దానిని చీకటి గదిలో రసాయనాలతో కడిగితే గాని నలుపు తెలుపుల బొమ్మ తేలదు.

నిజాం వేటలు, విందులు, కోటలు ఆయన కెమెరాకు చిక్కాయి. పరదా పాటించే స్త్రీలు మాత్రం పరపురుషుని ఎదుట కూర్చోరు. అందుకే 1892లో హైదరాబాద్‌లో జెనానా స్టూడియో నెలకొల్పి, నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. బిరుదులకంటే ఈ ఆలోచనే గొప్పదనిపిస్తుంది.

దీన్ దయాళ్ 1905లో మరణించారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800 పైచిలుకు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.