కూలి ఇచ్చి బాప్తిస్మము ఆపిన క్లౌ దొరగారు

సౌకార్‌పేటలో ఉండే మనవారికి వాల్ టాక్స్ రోడ్డు పక్కనున్న మురికి కాలువ బాగా తెలుసు. ముక్కు మూసుకొని దాటిపోతాము. అది బకింగ్‌హామ్ కాలువ. అదే కాలువ ఉత్తరముగా నెల్లూరు తీరము వెంబడి ఒంగోలు దాటి పెదగంజాము దాకా పోతుంది. ఆ ఒంగోలు ప్రాంతములో మూడు మైళ్ల పైచిలుకు త్రవ్వించినవారు జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. త్రవ్వినవారు మన ముత్తాతల కాలపు బీద జనము.

క్లౌగారు 1836లో న్యూయార్కు రాష్ట్రములో పుట్టారు. యౌవనములో సర్వే పనిలో నేల కొలిచినవారు. 1865లో ఈ దేశము వచ్చి నెల్లూరు చేరారు, మరుసటి ఏడు ఒంగోలు వెళ్లారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘము ఏర్పడింది.

యెర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యము వలన మాదిగ పల్లెలనుండి జనము రాసాగారు. వారికి పెట్టిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినడానికి చిన్నవే. కాని చచ్చిన గొడ్డు వారికి రావలసిన కూలిలో భాగము, జాతరలో డప్పు కొట్టడము వారి వంతు పని. మానేసినవారికి ఊరిలో పని ఆగిపోయింది, వేధింపులు మొదలయ్యాయి. అనగా మాట విన్నందుకు బహుమానము లేదు, శిక్ష మాత్రము వెంటనే వచ్చింది. అయినను పదేళ్లలో సంఘము సుమారు మూడు వేలకు పెరిగింది.

ఇంతలో ధాత నామ సంవత్సరము, 1876, వానలు లేవు. ఎక్కువ ఇస్తే జనము సోమరులౌతారని తలచిన సర్కారు 1877 మొదట్లో కరువు కూలిని రోజుకు ఒక పౌను ధాన్యము, కొద్ది చిల్లరగా తగ్గించింది. ఎముకల గూడుకు సోమరితనము ఎక్కడనుండి వస్తుంది? ఆ ఏడే మరల పెంచవలసి వచ్చింది.

క్లౌగారు కాలువ పని కాంట్రాక్టు తీసుకున్నారు. పాత సర్వే చదువు అక్కడ పనికివచ్చింది. బోధకులను మేస్త్రీలుగా పెట్టారు. పని చేసినవారికి, విశ్వాసి అయినా కాకపోయినా, కూలి ముట్టింది. విశ్రాంతి వేళ బోధకుల చుట్టూ జనము కూర్చొని వినేవారు. బాప్తిస్మము ఇమ్మని గుంపులుగా అడిగారు. ఆయన ఇవ్వలేదు! ధాన్యమూ డబ్బూ తన చేతిలో ఉన్నంతకాలము, పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు.

ఆదివారపు బడిలో వాక్యము అప్పజెప్పిన పిల్లలకు మనము బిస్కెట్టు ఇస్తాము. తప్పని అనను, అలా పెన్సిలు తెచ్చుకొని ఇంట్లో చూపించినవాడినే నేనూ. అయితే బిస్కెట్టు లేని ఆదివారము ఎందరు వచ్చారో లెక్కపెట్టడానికి మనకు ధైర్యము చాలదు. క్లౌగారు లెక్కపెట్టారు.

1878లో సహాయము ముగిసింది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి బోధకులను రమ్మని, సహాయము కోరేవారిని తీసుకురావద్దని కబురు పంపారు. జనము వచ్చేశారు. ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పినా కదలలేదు. కాలువ పనిలో కాయలు కాసిన చేతులు చూపించారు. డబ్బు అడగము, వచ్చే పంట పోయి చచ్చినా క్రైస్తవులుగానే చస్తామన్నారు. కాదనడానికి ఆయనకు మాట రాలేదు.

ఎవరి పల్లెవారిని ఆ పల్లె బోధకుడే గుర్తుపట్టి విచారించాడు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నదిలో బాప్తిస్మము పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున. దొరగారు నీటిలో దిగలేదు. ఆ డిసెంబరు నాటికి లెక్క తొమ్మిది వేలు దాటింది. వారిలో కూలి జ్ఞాపకముతో వచ్చినవారు లేరని ఎవరమూ అనలేము. కాని కూలి ఆగిన తరువాతనే వచ్చారు.

క్లౌగారు 1910 నవంబరులో రోచెస్టరులో మరణించారు. ఆయన చెప్పగా భార్య ఎమ్మాగారు వ్రాసిన ఆయన జీవిత కథ 1914లో అచ్చయింది. కాలువ పని సంగతి అందులో వివరముగా ఉన్నది.