శీతలశాస్త్రవేత్త కామర్లింగ్ ఓనెస్

జడ్చర్ల ప్రాంతమున విద్యుత్పంపులతో వేరుసెనగ చేలకు నీరు పెట్టు రైతులు, కొంతసేపు నడచిన మోటారు వేడెక్కుట నెఱుగుదురు. రాగితీగె విద్యుత్తునకు జూపు నిరోధమువలన శక్తిలో కొంత యిట్లు వ్యర్థమగుచున్నది. ఈ నిరోధము పూర్తిగా మాయమగు స్థితి కలదని లోకమునకు మొదట వెల్లడించినవాడు హాలెండు దేశీయుడగు హైకె కామర్లింగ్ ఓనెస్.

ఈతడు 1853లో గ్రోనింగెనున జన్మించి, 1882లో లైడెను విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. వాయువులను ద్రవములుగా మార్చుటయే ఆతని దీక్ష. అందులకు వాయువులను మిక్కిలి పీడనమున బంధింపవలసియుండెను. 1807లో తుపాకిమందు ఓడ ప్రేలి నేలమట్టమైన పేటయందే యాతని ప్రయోగశాల యుండుటచే పురజనులు భీతిల్లిరి. 1895 మొదలు మూడేండ్లు పని నిలిచిపోయెను. 1898లో లండనున డ్యూవరు హైడ్రోజనును ద్రవీకరించి ముందంజ వైచెను.

ఓనెస్ బలమంతయు, మా యభిప్రాయమున, ఆతని పనివాండ్రయందే కలదు. 1901లో పరికరనిర్మాతల శిక్షణకై యొక సంఘమును స్థాపించెను. గాజు నూదుట, లోహము మలచుట నేర్చిన యువకులు ఆ శాలయందే తయారైరి. చేతిపనిని చదువుకంటె తక్కువగా నెంచు విద్యాధికులు మనయందు నేటికిని లేకపోలేదు! 1908 జూలై 10న తెల్లవారుజామునుండి రాత్రివఱకు అందఱును శ్రమించి హీలియమును ద్రవరూపమునకు దెచ్చిరి. లభించినది సుమారు 60 ఘన సెంటీమీటర్లు.

1911 ఏప్రిల్ 8న పాదరసమును పరీక్షించిరి. ఆవిరిచేసి మరల పట్టుటచే దానిని మిక్కిలి శుద్ధిచేయవచ్చును. నీరు గడ్డకట్టు స్థానమునకు 269 డిగ్రీల దిగువన దాని నిరోధము హఠాత్తుగా మాయమయ్యెను. కొలతకడ నున్నవాడు గిల్లెస్ హోల్స్టు; ప్రకటిత వ్యాసకర్తగా ఓనెస్ పేరొక్కటే. 1913 నాటి నోబెలు బహుమానము ముఖ్యముగా హీలియమునకై వచ్చినదే. అయినను హోల్స్టు పేరు మఱుగుపడుట న్యాయము కాదు.

ఓనెస్ 1926 ఫిబ్రవరి 21న మరణించెను. అతివాహకములో ఎలక్ట్రానులు జతలుగా సాగునను కారణము 1957లోగాని తేలలేదు. 2007లో జర్మనీయందలి వూర్జ్‌బర్గున, పాదరస టెల్యూరైడు పలుచని పొరలో, లోపల ప్రవాహము లేక అంచుననే విద్యుత్తు పాఱుట కనుగొనిరి. ఇట్టివానిని టోపొలాజికల్ బంధకములందురు. వీనికి అతివాహకమును తాకించి సరిహద్దును నేడు పరిశోధించుచున్నారు. ఒంటిగా వచ్చిన ఎలక్ట్రాను మఱొకదానిని జతగొనియే ఆ గడప దాటును. జత పోయిన చోటి ఖాళీ వెనుకకు మరలును. ఆ ప్రయోగములకు వలయు చలి నేటికిని హీలియమునుండియే వచ్చుచున్నది.